ఒక తాడు, ఒక అట్ట

మా గ్రంథాలయంలో రెండు నంబర్లున్న పుస్తకం ఒకే ఒకటి ఉండేది. ముందు అట్ట లోపల గణితం సెక్షన్ నంబరు, వెనక అట్ట లోపల అర్థశాస్త్రం సెక్షన్ నంబరు. ఏటేటా పుస్తకాల తనిఖీ జరిగేటప్పుడు కొత్తగా చేరినవాళ్ళెవరో ఒకరు కంగారుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

"మేడం, ఒక పుస్తకం తక్కువొస్తా ఉండాది."

"తక్కువ రాలేదు నాయనా, పక్కదానికి అతుక్కొని ఉండాది" అని చెప్పి పంపేదాన్ని.

ఇప్పుడు నేను ఉద్యోగంలో లేను. ఆ జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదు. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలూ, గ్రంథాలయాల్లో కొత్తగా పనికి చేరిన పిల్లలూ, ఇది మీకోసమే. ఇందులో పరీక్షకు వచ్చేదేమీ లేదు. తీరిక దొరికినప్పుడు చదవండి.

నేను పనిచేసింది తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో. మా నాయన అక్కడే అటెండరుగా పనిచేస్తూ పోయారు. ఇంటర్మీడియట్ పాసై ఇంట్లో ఉన్న నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చారు. పుస్తకాలు ఇచ్చే కౌంటరులో నా కుర్చీ. పని చిన్నదే. టికెట్టు తీసుకుని పుస్తకం ఇవ్వడం, పుస్తకం తీసుకుని టికెట్టు ఇవ్వడం, నడుమ నడుమ రీడింగ్ హాలు వైపు తిరిగి "గమ్మునుండండి" అనడం. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కే లేదు. నిద్రలో కూడా అనేదాన్నని మా ఇంట్లోవాళ్ళు నవ్వేవారు.

డిగ్రీ చదవలేదన్న చిన్నతనం మొదట్లో ఉండేది. చుట్టూ అందరూ ఎమ్మేలు, పీహెచ్‌డీలు. నేనొక ఉపాయం చేసుకున్నాను. అల్మారాలో ఏ పుస్తకం సర్దినా ముందుమాట చదవకుండా పెట్టకూడదు. నిలబడి చదవడానికి వీలయ్యేది అంతవరకే కదా. నచ్చినదాన్ని తర్వాత ఇంటికి తీసుకుపోయేదాన్ని. భూగర్భశాస్త్రం, ఆలయ శాసనాలు, పట్టుపురుగుల పెంపకం, ఏదైనా సరే. మా లైబ్రేరియన్ గారు నన్ను 'ముందుమాటల పండితురాలు' అనేవారు. ఆయన ఎగతాళికే అన్నారు. నేను మాత్రం బిరుదుగానే తీసుకున్నాను. ఇప్పటికీ వదల్లేదు.

తొంభైల నడుమ ఒక ఏడు, గణితాన్నీ అర్థశాస్త్రాన్నీ కలిపి కొత్త పీజీ కోర్సు ఒకటి పెట్టారు. ప్రారంభించిన రోజు రెండు శాఖలవాళ్ళూ "ఈ కోర్సు మాదే" అన్నారు. తరగతులు మొదలయ్యాక రెండు శాఖలవాళ్ళూ "అది మీదే" అన్నారు. పాపం ఆ పిల్లలు ఉదయం ఒక భవనంలో, మధ్యాహ్నం ఇంకో భవనంలో. ఎండలో అటూ ఇటూ నడవడంతోనే వాళ్ళకు సగం చదువు అయిపోయేది.

ఆ తరగతిలో రెండు గుంపులు. డిగ్రీలో గణితం చదివి వచ్చినవాళ్ళు కిటికీ పక్క బెంచీల్లో కూర్చునేవారు. అర్థశాస్త్రం చదివి వచ్చినవాళ్ళు తలుపు పక్కన. వీళ్ళు వాళ్ళను 'గీతలోళ్ళు' అనేవారు. వాళ్ళు వీళ్ళను 'కతలోళ్ళు' అనేవారు. రెండు సబ్జెక్టులూ అందరూ రాయాల్సిందే. కానీ ఎవరికి వచ్చినది వాళ్ళు చదువుకుంటూ, రానిదాని వైపు తల కూడా తిప్పేవారు కారు.

దానికి తోడు మా టికెట్ల పద్ధతి. పీజీ విద్యార్థులకు అట్టముక్కల టికెట్లు ఇచ్చేవాళ్ళం. ఒక్కో టికెట్టు మీద శాఖ ముద్ర ఉండేది. గణితం ముద్ర ఉంటే గణితం పుస్తకాలే, అర్థశాస్త్రం ముద్ర ఉంటే అర్థశాస్త్రం పుస్తకాలే. ఈ కొత్త కోర్సుకు ఏ ముద్ర వేయాలో ఎవరూ చెప్పలేదు. చివరికి, డిగ్రీలో ఏది చదివి వచ్చారో ఆ ముద్రే వేశారు. అంటే వచ్చినదానికే పుస్తకం దొరుకుతుంది, రానిదానికి దొరకదు. ఇంత చక్కని ఏర్పాటు కావాలని చేద్దామన్నా కుదరదు.

నేను చెప్పబోయేది ఆ మొదటి బ్యాచిలో ఇద్దరు అమ్మాయిల సంగతి. పేర్లు రాయను. ఒకామె పూతలపట్టు దగ్గర పల్లె నుంచి వచ్చింది, చెరుకు పండించి బెల్లం వండే ఇంటి పిల్ల. చిత్తూరులో గణితంతో డిగ్రీ చేసి హాస్టల్లో ఉండేది. రెండో ఆమె తిరుపతి పిల్ల, వాళ్ళ నాయనకు గాజుల అంగడి. అర్థశాస్త్రం చదివింది. మాట దురుసు, నవ్వు పెద్దది, ఇంగ్లీషు ధారాళం. పూతలపట్టు అమ్మాయి తల ఎత్తకుండా మాట్లాడేది, కానీ అన్న మాట మీదే నిలిచేది.

చేరిన కొత్తలో పూతలపట్టు అమ్మాయి కౌంటరు దగ్గరికి వచ్చి అర్థశాస్త్రం పుస్తకం ఒకటి అడిగింది. ధరలు ఎలా నిలబడతాయో చెప్పే లావుపాటి పుస్తకం.

"నీది గణితం టికెట్టు గదమ్మా. దీనికి ఇయ్యకూడదు."

"నాకు గణితం వచ్చు మేడం. రానిదే కావాల."

"రూలు లేదు తల్లీ. రీడింగ్ హాల్లో కూర్చొని చదువుకో."

చదువుకుందామని పోయింది. ఆ పుస్తకం అప్పటికే తిరుపతి అమ్మాయి టికెట్టు మీద ఇంటికి పోయింది. గణితం పుస్తకం సంగతీ అంతే. తిరుపతి అమ్మాయికి కావాల్సింది పూతలపట్టు అమ్మాయి దగ్గర ఉంది. ఒకరినొకరు అడగవచ్చు కదా అంటారా? అడగరు. గీతలోళ్ళు కతలోళ్ళను అడగడమా!

మొదటి ఇంటర్నల్ పరీక్షలో పూతలపట్టు అమ్మాయి అర్థశాస్త్రంలో తప్పింది. వ్యాసం రాయమంటే నాలుగు సమీకరణాలు రాసి, కింద గీత గీసి వచ్చేసిందట. తిరుపతి అమ్మాయి గణితంలో తప్పింది. అయితే ఆమె బాధ పడింది ఒక పూటే. "మా నాయన అంగట్లో కూర్చోబెడతాడు, అంతేగదా, గాజులు ఎవురికి చేదు?" అని తిరిగింది. పూతలపట్టు అమ్మాయికి అలా కాదు. ఆమె బీఈడీ ప్రవేశ పరీక్ష కూడా రాసి ఉంది. చిత్తూరులో సీటు రావచ్చని ఇంట్లో అనుకుంటున్నారు. టీచరు ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఇంటికి దీపం పెట్టినట్టు. రెండు పడవల చదువు ఎందుకు, తప్పే చదువు ఎందుకు అని ఇంటి నుంచి ఒత్తిడి మొదలైంది. ఈ సంగతులు ఆమె నాతో చెప్పలేదు. హాస్టల్ పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. పుస్తకాల కౌంటరు, మంగలి అంగడి ఒకటే, కూర్చున్న చోటికి అన్నీ వస్తాయి.

ఇక్కడ మా బైండరు అన్న గురించి చెప్పాలి. గ్రంథాలయం వెనక ఒక పొడుగాటి గది. గదంతా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన. ఆయనది తమిళనాడు పొలిమేరలో ఊరు. మా నాయన ఉన్న కాలం నుంచీ ఉన్నారు, నన్ను అమ్మణ్ణీ అని పిలిచేవారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు, రావాలని కోరికా లేదు. పత్రికల విడి సంచికలను ఏడాదివి ఏడాదికి తాడుతో కట్టి ఆయనకు పంపేవాళ్ళం. ఒక తాడులో ఎన్ని ఉంటే అన్నీ కలిపి ఒక్క సంపుటం. 'ఒక తాడు, ఒక అట్ట' అన్నది ఆయన శాసనం. ఆ శాసనం మీద ఎన్నో ఏళ్ళు మా గ్రంథాలయం సాఫీగా నడిచింది.

ఒక వారం నేను సెలవులో ఉన్నాను. ఆ ఇద్దరమ్మాయిలూ ఒకే పూట కౌంటరుకు వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, పుస్తకాలు ఊడిపోతున్నాయని చూపించారట. గణితం పుస్తకానికి అట్ట లేదు. అర్థశాస్త్రం పుస్తకానికి అట్టతో పాటు వెన్ను కూడా లేదు. నా బదులు కూర్చున్న అటెండరు మంచివాడు. పుస్తకాలను వాళ్ళ టికెట్ల మీదే అలాగే ఉంచి, కుట్టించి ఇస్తామని చెప్పాడు. రెండింటినీ ఒక తాడుతో కట్టి వెనక గదికి పంపాడు.

నేను వచ్చేసరికి బైండరు అన్న ఆ పుస్తకాన్ని చంటిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎర్ర కాలికో గుడ్డ, గట్టి అట్ట, ఇటుకంత మందం. తెరిచి చూశాను. ముందు సగం గణితం. వెనక సగం అర్థశాస్త్రం.

"అన్నా, ఇవి రెండు పుస్తకాలు గదా!"

"రెండేంది అమ్మణ్ణీ? ఒగ తాడుతో వచ్చె. ఒగ అట్ట యేసినా."

"లోపల చూడలేదా?"

"లోపల సూసే పని నీది. నా పని బయట."

"ఇప్పుడు విడగొట్టొచ్చా?"

"అంచులు కోసి సదును సేసినా గదా. మళ్ళ ఇప్పితే మళ్ళ కోయల్ల. కోసేకొద్దీ అచ్చరాలు తెగతాయి. ఎంత బాగుండాదో సూడు, కుట్టు యాడన్నా కనపడతా ఉండాదా?"

కుట్టు నిజంగానే కనపడలేదు. అలవాటు కొద్దీ రెండు ముందుమాటలూ చదివాను. అర్థశాస్త్రం పుస్తకం రాసినాయన, గణితం తెలియని పాఠకులు సమీకరణాలను దాటుకుంటూ పోవచ్చు అని రాశాడు. గణితం పుస్తకం రాసినాయన, వీటిని లోకంలో ఎక్కడ వాడుకోవాలో పాఠకులే చూసుకోవాలి అని రాశాడు. ఇద్దరూ మర్యాదగా ఒకరి పని ఇంకొకరి మీదికి తోసేశారు. ఏ దేశాల వాళ్ళో, ఒకరికొకరు తెలియనే తెలియదు. మా బైండరు అన్న వాళ్ళిద్దరినీ పట్టుకుని ఒక అట్టలో కూర్చోబెట్టారు.

లైబ్రేరియన్ గారికి చెబితే తల పట్టుకున్నారు. రూలు మనిషి ఆయన. కానీ ఆయనకు తెలిసిన రూళ్ళలో దీనికి రూలు లేదు. "చూద్దాం" అన్నారు. ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం మీకూ తెలిసిందే.

పుస్తకం ఒకటి, మనుషులు ఇద్దరు. అమ్మాయిలు మొదట కొట్లాడుకున్నారు. నాకు ముందంటే నాకు ముందు అని. తర్వాత నువ్వు సగం రోజు, నేను సగం రోజు అన్నారు. అదీ కుదరలేదు. చివరికి పక్కపక్కన కూర్చున్నారు, నడుమ పుస్తకం పెట్టుకుని. ఒక పుస్తకాన్ని ఒకేసారి రెండు చోట్ల తెరవడానికి కుదరదు కదా. ఒకరి సగం చదివేటప్పుడు రెండో ఆమె ఖాళీగా చూడాలి. ఖాళీగా చూస్తూ ఎంతసేపు ఉంటారు ఎవరైనా? "ఇదేంది?" అని ఒకరు అడిగారు. "ఇది కూడా తెలీదా?" అని ఇంకొకరు అన్నారు. ఇక మొదలైంది.

"నాలుగు గీతలు గీసి కింద 'అందువలన' అంటావు. ఎందువలన మే? నోరిప్పి చెప్పు!"

"నువ్వు నాలుగు పేజీలు రాసినా 'అందువలన' కాడికి రానే రావు గదా!"

రీడింగ్ హాలంతా తిరిగి చూసింది. నేను గమ్మునుండండి అన్నాను. రెండోసారీ అన్నాను. మూడోసారికి ఇద్దరినీ లేపి, వెనక బైండింగ్ గదికి పంపించాను. అక్కడ జిగురు ఆరడానికి వేసిన బల్ల ఒకటి ఖాళీగా ఉండేది. బైండరు అన్నకు మాటలు వినడం ఇష్టం. ఆ రోజు నుంచి ఆ గదిలో సాయంత్రాలు ఒకటే రచ్చ. కొన్నాళ్ళకు కిటికీ పక్క బెంచీ నుంచి ఇంకొకడు, తలుపు పక్క బెంచీ నుంచి ఇంకొకతె కూడా వచ్చి నిలబడి వినేవారు.

ఆ కోర్సు పిల్లలను తర్వాత చాలామందిని చూశాను. కానీ ఒకరికి రానిది ఇంకొకరి నోటి నుంచి ఒలుచుకుని తీసుకోవడం అంత దగ్గరగా చూసింది ఆ గదిలోనే.

ఇక ఆ రోజు సంగతి.

ఉదయం కౌంటరు తెరిచిన కాసేపటికే పూతలపట్టు అమ్మాయి వాళ్ళ నాయనతో వచ్చింది. పొట్టి మనిషి, మోచేతి దాకా కాలిన మచ్చలు, చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి రెండు బెల్లం అచ్చులు తీసి నా బల్ల మీద పెట్టారు.

"మేడమ్మా, మా పాపకు బీఈడీ సీటొచ్చినాది, చిత్తూర్లోనే. రేపు చేరల్ల. ఈడ టీసీ కావాలంటే మీ సంతకం ఉండాలంట."

బాకీ లేదని గ్రంథాలయం సంతకం పెడితేనే టీసీ ఇస్తారు. ఆ సంతకం నాదే. అమ్మాయి ముఖం చూశాను. తల వంచుకుని ఉంది. ఆ ఎర్ర పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది, కానీ దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"చేరిపోతావా?" అన్నాను.

"నాయన చెప్పినాడు మేడం" అంది.

పెన్ను తీశాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈమె టికెట్టు మీద ఉన్నది గణితం సగమే. మిగతా సగం తిరుపతి అమ్మాయి టికెట్టు మీద ఉంది. ఈమె పుస్తకం ఇచ్చేస్తే ఆమె పుస్తకం కూడా ఇచ్చేసినట్టే. అటెండరును తరగతికి పంపించాను. తిరుపతి అమ్మాయి పరుగున వచ్చింది.

"నేనియ్యను మేడం. వచ్చేవారం పరీక్ష. ఆమె సగం ఆమె ఇచ్చుకోనీ, నా సగం నాకుండాల."

"ఒకటే పుస్తకం గదమ్మా."

"అది మీరు చేసిందే గదా!"

మాట నిజమే. గొడవ విని లైబ్రేరియన్ గారు బయటికి వచ్చారు. విషయం విన్నారు. "దీనికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదని నాకు తెలుసు. పదండి, కోయించేద్దాం" అన్నారు.

అందరం వెనక గదికి నడిచాం. లైబ్రేరియన్ గారు, నేను, అమ్మాయిలిద్దరూ, సంచి పట్టుకుని ఆ పెద్దాయన.

బైండరు అన్న పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశారు. కత్తి తీసి రాతి మీద నూరడం మొదలుపెట్టారు. ఆ కత్తికి అంత పదును ఎన్నడూ అవసరం పడలేదు.

"కోస్తా సార్, కోయను అనలేదు. రెండో తూరి కోస్తే యాదో ఒగ సగంలో అచ్చరాలు పోతాయి. యా సగం పోవాల్నో సెప్పండి."

గణితం పోతే గణితం శాఖ ఊరుకోదు. అర్థశాస్త్రం పోతే ఆ శాఖ ఊరుకోదు.

"నాది పోనీ సార్" అంది పూతలపట్టు అమ్మాయి. "నేనెట్లాగూ పోతా ఉండాను."

తిరుపతి అమ్మాయి ఆమె మీద విరుచుకుపడింది. "నీది పోతే నాకెట్ల? ఆ బెల్లం లెక్క సగంలో ఉండాది. నేనొక్కదాన్నే ఎట్ల తేల్చేది? లేపిందీ నువ్వే, పడేసి పొయ్యేదీ నువ్వేనా?"

"బెల్లం లెక్కేంది?" అన్నారు ఆ పెద్దాయన.

ఆయన కూతురి వైపు చూశారు. "ఏందిమ్మా, మన బెల్లమేనా?"

అమ్మాయి బల్ల కింద నుంచి చిత్తుకాగితం ఒకటి తీసింది. బైండింగులో మిగిలిన కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన బొమ్మ. నడుమ నుంచి మొదలై నలుచదరంగా తిరుగుతూ పోయే గీత.

"ఇదేంది, ముగ్గేసినట్లుండాది?"

"ముగ్గు కాదు నాయనా. ఒగేడు బెల్లానికి రేటు బాగొచ్చిందనుకో. అది చూసి అందరూ చెరుకు నాటతారు, అవునా?"

"నాటతారు."

"మరుసటేడు అందరి బెల్లమూ ఒగటేసారి మండీకొస్తాది. రేటు పడిపోతాది. అది చూసి అందరూ చెరుకు మానేస్తారు. ఆ మరుసటేడు..."

"మళ్ళ లేస్తాది. దీనికి తిరుపతికి రావాల్నా? మా ఊర్లో గొర్లు కాసే పిలకాయలకు గూడా తెలుసు!"

బైండరు అన్న పెద్దగా నవ్వారు. లైబ్రేరియన్ గారు కూడా నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. తిరుపతి అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"తెలుసులే పెదనాయనా. ఈ లేచేదీ పడేదీ పోనుపోను తగ్గతాదా, పెరగతాదా? అది తెలుసునా?"

ఆయన చేతిలో సంచి కింద పెట్టారు.

"తగ్గితే ఏమయితాది?"

"కొన్నేండ్లకు రేటు ఒక తావ నిలబడతాది. రైతుకు నిమ్మళం" అంది కూతురు.

"పెరిగితే?"

"ప్రతి తూరీ ముందుకన్నా ఎత్తుకు లేస్తాది, ముందుకన్నా లోతుకు పడతాది. లేచినప్పుడు నాటినోడు పడినప్పుడు మునిగిపోతాడు."

ఆయన ఆ గీతల వైపు చాలాసేపు చూశారు. ఏ ఏడు తాను నాటారో, ఏ ఏడు మానేశారో లోపల చూసుకుంటున్నారని నాకనిపించింది. కాలిన మచ్చల వేలితో ఆ గీత వెంబడే నడిచి, పెన్సిలు ఆగిన చోట ఆపారు.

"మన చిత్తూరు బెల్లం ఈ రెండిట్లో యాదిమ్మా?"

"తెలీదు నాయనా."

"తెలీదా?"

"రేటు చూసి రైతు ఎంత జాస్తి నాటతాడు, రేటు చూసి కొనేవాడు ఎంత తగ్గిస్తాడు, ఆ రెండూ పట్టుకోవల్ల. అదెట్లనో ఈమె సగంలో ఉండాది. పట్టుకున్నాక ఏండ్లు గడిచేకొద్దీ ఏమయితాదనేది నా సగంలో ఉండాది. ఇంకా ఆడికి రాలేదు."

"ఎప్పుటికొస్తారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "కోర్సు అయ్యేలోపల" అంది తిరుపతి అమ్మాయి. ఆమె గొంతులో దురుసు లేకపోవడం అదే మొదటిసారి విన్నాను.

నేను ఆ పెద్దాయన ముఖమే చూస్తున్నాను. ఆ పిల్లకు టీచరు ఉద్యోగం అంటే అది గాలిలో మాట కాదు. సీటు చేతిలో ఉంది. ఆయన ఇక్కడి చదువు వద్దంటే తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా.

"పాకం సగంలో ఉండంగా పొయ్యి ఆర్పితే ఏమయితాదో తెలుసునా?" అన్నారు ఆయన, ఎవరినీ చూడకుండా. "రసమూ కాదు, బెల్లమూ కాదు. పశువులు గూడా ముట్టవు." తర్వాత కూతురి వైపు తిరిగారు. "నీకుండల్లనా, పోవల్లనా? నేను చెప్పినానని కాదు. నువ్వు చెప్పు."

"ఉండల్ల నాయనా."

"మళ్ళ తప్పితే?"

"తప్పను."

"ఈ పాప నేర్పిస్తాదా నీకు?"

"నేర్పిస్తాను పెదనాయనా. తిట్టి నేర్పిస్తా" అంది తిరుపతి అమ్మాయి.

"తిట్టు. కొట్టు గూడా." ఆయన సంచి భుజాన వేసుకున్నారు. "మళ్ళ తప్పిందని తెలిసిందంటే, నేనే వచ్చి ఆ పుస్తకాన్ని కొడవలితో కోస్తా. కత్తి లోపల పెట్టు సామీ."

బైండరు అన్న కత్తి లోపల పెట్టేశారు. అంత వేగంగా ఆయన ఏ పనీ చేయగా నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి, పుస్తకం ముందు అట్ట లోపల ఎర్ర సిరాతో తన చేత్తో ఒక వాక్యం రాశారు. 'ఈ సంపుటము గణితము టికెట్టు ఒకటి, అర్థశాస్త్రము టికెట్టు ఒకటి, రెండునూ కలిపి ఇచ్చిన యెడల మాత్రమే ఇవ్వబడును.' రూలు లేని చోట ఆయన రూలు పుట్టించారు. దాని అర్థమేమిటో నాకు తర్వాత తెలిసింది. ఇకమీదట ఎవరూ ఒంటరిగా వచ్చి ఆ పుస్తకం తీసుకుపోలేరు. రెండు వైపుల నుంచీ ఇద్దరు కలిసి రావాల్సిందే.

పెద్దాయన ఆ తర్వాత కూడా తిరుపతికి వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర ఆగేవారు. "మేడమ్మా, తేలిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదు" అనేదాన్ని. కోర్సు చివర ఆ ఇద్దరూ బెల్లం మీదే ప్రాజెక్టు రాశారు. చిత్తూరు మండీకి పోయి కూర్చున్నారు, రైతులను అడిగారు, వ్యాపారుల చేత తిట్లు తిన్నారు. తేలిందేమిటంటే, ఊగిసలాట నిదానంగా తగ్గాలి, మనుషులు ఎప్పటిలా ఉంటే. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వారట. "మనుసులు ఎప్పుటిమాదిరి యాడుంటారమ్మా?" అని, ఆ ఏడే సగం చెరుకు తీసేసి మామిడి నాటారు. ఆ ఏడే చుట్టుపక్కల అందరూ మామిడి నాటారు. కాపుకొచ్చాక మామిడికాయల రేటు ఎంతకు పడిందో మా జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఇద్దరూ పాసయ్యారు. తిరుపతి అమ్మాయి బ్యాంకులో చేరింది. పూతలపట్టు అమ్మాయి చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అయింది. కోర్సు కొన్నేళ్ళు నడిచింది, తర్వాత అర్థశాస్త్రంలో ఒక పేపరుగా కలిసిపోయింది. బైండరు అన్న రిటైరై ఊరికి పోయారు. ఆయన తర్వాత ఆ గదిలో జిరాక్సు యంత్రం పెట్టారు.

నేను అర్థశాస్త్రం సగాన్ని మొత్తం చదివాను, ఇది మాత్రం కాస్త ఎచ్చులుగానే చెప్పుకుంటున్నాను. గణితం సగంలో మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. పక్కన కూర్చుని తిట్టేవాళ్ళు దొరకలేదు.

రెండు వేలు దాటాక కంప్యూటర్లు వచ్చాయి. అట్ట టికెట్లు పోయి, ఎవరైనా ఏ శాఖ పుస్తకమైనా తీసుకోవచ్చన్నారు. మంచి పనే. ఎర్ర పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు తల గోక్కున్నాడు. "మేడం, దీనికి రెండు నంబర్లంటే సిస్టమ్ ఒప్పుకోదు. ఒకటి కొట్టేద్దామా?" కొట్టేయొద్దన్నాను. ముందు అట్ట లోపల ఒక గీతల చీటీ, అదే బార్‌కోడు, వెనక అట్ట లోపల ఇంకో గీతల చీటీ అంటించాను. ఏ వైపు నుంచి చూపించినా యంత్రం ఒప్పుకునేది. దానికి మా అంత పట్టింపు లేదు.

రిటైర్ కావడానికి కొంచెం ముందు ఒక రోజు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కౌంటరు దగ్గరికి వచ్చి 'ఎర్ర పుస్తకం' కావాలన్నారు. ఆ పేరు మేము పెట్టుకున్నదే, గ్రంథాలయం బయటివాళ్ళకు తెలిసే వీలు లేదు.

"ఎవురు చెప్పినారు?"

"చిత్తూర్లో డిగ్రీలో మా మేడం చెప్పినారు. పీజీలో చేరినాక ముందు ఆ పుస్తకం తీసుకోండన్నారు" అన్నాడు అబ్బాయి. అమ్మాయి అందుకుంది. "ఇతను మ్యాథ్స్, నేను ఎకనామిక్స్. ఇద్దరం కలిసి వస్తేనే ఇస్తారంట గదా మేడం?"

పక్కన కంప్యూటరు కుర్రాడు నా వైపు చూశాడు. ఆ రూలు పోయి చాలా కాలమైంది. ఒక్క కార్డు చాలు. నేను అతని వైపు చూడలేదు.

"అవును. ఇద్దరూ రావల్ల" అన్నాను. రెండు కార్డులూ తీసుకున్నాను. పుస్తకం ముందు వైపు ఒకరి పేరు మీద, వెనక వైపు ఇంకొకరి పేరు మీద రాయించాను.

వాళ్ళు రీడింగ్ హాల్లోకి పోయి, పక్కపక్కన కూర్చుని, నడుమ పుస్తకం పెట్టుకున్నారు. కాసేపటికి ఆ పిల్ల గొంతు లేచింది.

"అందువలన అంటావేంది? ఎందువలన?"

హాలంతా తల తిప్పి, అలవాటుగా నా వైపు చూసింది. నేను గమ్మునున్నాను.